పోటు మీద చూసిన దిబ్బ

(2008. భీమడోలు దాటి, గుండుగొలను ఇంకా రాకముందే హైవే మీద ఆగిపోయిన జీపు. స్టీరింగు దగ్గర డ్రైవరు సూర్యనారాయణ. వెనక సీట్లో సముద్రజీవుల మీద పరిశోధన చేసే ప్రసన్నకుమారి, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కాపురముండే ముసలాయన ఎలీయాజరు. పొద్దున పదిన్నర.)

"అది కాదు బాబాయ్‌గారూ, పొద్దున్నే గూడెం టౌనులో మా ఇంటి తలుపు కొట్టి, ఏలూరు మీటింగుకి నేనూ వస్తానన్నారు. ఎందుకండీ అంటే దారిలో చెప్తానన్నారు. దారిలోనే ఉన్నాం కదా. చెప్పరేంటి?"

"చెప్తానండి. బండి కదలనివ్వండి."

"బండి కదిలేలా లేదండి మేడంగారూ. ముందు గడ్డి లారీ, వెనక రొయ్యల వ్యాను. ఎడం పక్క కాలవ. కుడి పక్కకి తిప్పుదామంటే బస్సువాడు తెచ్చి అడ్డంగా పెట్టేశాడు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది మన పని."

"ఏమైందంట సూర్యనారాయణగారూ?"

"ముందు ఎవడో దిగబడ్డాడంటున్నారండి. దిగి కనుక్కొస్తాను. పెద్దయ్యగారూ, ఇంత ఉక్కలో ఆ తువ్వాలు మొహం మీదికి లాక్కుని కూర్చున్నారేంటండీ?"

"దుమ్ము బాబూ."

"ఆగిన బండికి దుమ్మేంటండీ? సరే, కూర్చోండి. ఇప్పుడే వస్తాను."

"ఆయన వెళ్ళారు. ఇప్పుడు చెప్పండి. ఒంటిగంటకి జాబితా మీద సంతకాలైపోతాయి. ఆ తర్వాత ఎవరేం చెప్పినా వినేవాళ్ళుండరు."

"ఆ జాబితాలో మా చర్చిదిబ్బ ఉందాండీ?"

"లేదు. ఎందుకుంటుంది? మొగ దగ్గర ఏడు గుల్లదిబ్బలు చూశాం మీరూ నేనూ. ఆల్చిప్పలు బాగా బతికున్నవి రెండు. వాటిని ఎవరూ ముట్టుకోకుండా కాపాడతారు. ఒకటి సగం చచ్చింది, దాంట్లో కొత్త గుల్ల వేసి మళ్ళీ లేపుతారు. మిగతా నాలుగూ లెక్కలోకి రావు. మీ చర్చిదిబ్బ అందులోదే."

"ఏడింట్లో రెండే ఏంటండీ? ఏడుగురు పిల్లలుంటే ఇద్దరికే అన్నం పెడతామా?"

"అన్నీ కావాలంటే ఒక్కటీ ఇవ్వరు బాబాయ్‌గారూ. ఉప్పుటేరు తవ్వకపోతే కొల్లేరు వరదనీళ్ళు దిగవు, ఊళ్ళు మునుగుతాయి. ఆ సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. తవ్వేవాళ్ళు ఎక్కడో ఓచోట తవ్వాలి కదా. అందుకే, ముందు ఏవి కాపాడాలో ఏరి చెప్పమన్నారు."

"ఏరనివాటి మీదుగా తవ్వుతారు."

"చచ్చిన దిబ్బ మీదుగా తవ్వితే ఎవరికండీ నష్టం?"

"చర్చిదిబ్బని కూడా ఎక్కించండమ్మా."

"అక్కడ ఒక్క ఆల్చిప్ప కూడా బతికి లేదు కదండీ."

"ఎక్కించండి."

"పడవ ఆపి మీరే పార దింపారు. ఎన్నిసార్లు దింపినా ఖాళీ చిప్పలే వచ్చాయి. మర్చిపోయారా?"

"మర్చిపోలేదండి. ఇంకోసారి చూసేనని రాసెయ్యండి."

"చూడకుండా ఎలా రాస్తానండీ? ఇదిగో, ఆ రోజు రాసిన కాయితం. కింద మీ సంతకం కూడా ఉంది. చదవనా? 'చర్చిదిబ్బ. ప్రాణమున్న గుల్ల లేదు. చోటు చూపినవారు ఎలీయాజరు...'"

"చదవకండమ్మా."

"ఎందుకు?"

"చదవకండి. మీ నోట నా పేరు వింటే ఏదోలా ఉంది."

"మేడంగారూ, చూసొచ్చేనండి. పేద్ద ట్రెయిలరండి. దాని మీద ఇల్లంత మిషను. హైవే దిగి కాలవ గట్టు రోడ్డు మీదికి తిరగబోయి, కల్వర్టు కుంగి వెనక చక్రాలు దిగబడిపోయాయి. తోక భాగం హైవేకి అడ్డంగా ఉండిపోయింది. అటు సైకిలు కూడా దూరట్లేదు."

"ఏం మిషనండి?"

"టార్పాలిను కప్పేరండి. పొడుగ్గా ఇనప గొట్టాలు బయటికొచ్చి కనపడుతున్నాయి."

"పసుపు రంగా బాబూ?"

"పసుపేనండి పెద్దయ్యగారూ. మీకెలా తెలుసు?"

"ఆ మిషన్లన్నీ పసుపే కదా."

"అంతేలెండి. మేడంగారూ, క్రేను కోసం ఏలూరు కబురు పెట్టేరంట. నేను వెళ్ళి కాస్త టీ చుక్క దొరుకుతుందేమో చూస్తాను. మీకూ తేనా?"

"వద్దండి. ఎంతసేపు పడుతుందో అది కనుక్కోండి చాలు. బాబాయ్‌గారూ, ఆ తువ్వాలు ఇంకా తియ్యలేదేంటి? ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉందండి. అమ్మా, ఆ రోజు మిమ్మల్ని చర్చిదిబ్బకి ఎన్నింటికి తీసుకెళ్ళేనో గుర్తుందా?"

"మధ్యాహ్నం. భోజనాలయ్యాక. మీ అమ్మాయి సువార్తమ్మ చింతకాయ వేసి రొయ్యలు వండింది, గుర్తుంది."

"నీళ్ళు ఎలా ఉన్నాయి అప్పుడు?"

"నిండుగా ఉన్నాయి. పోటు మీదయితే పడవ సులువుగా వెళ్తుందని మీరే అన్నారు."

"పోటు మీద తీసుకెళ్ళకూడదండి. పాటు మీద తీసుకెళ్ళాలి. సముద్రం నీళ్ళు వెనక్కి లాక్కున్నప్పుడు చర్చిదిబ్బ మొత్తం బయటపడుతుంది. పోటు మీద ఏముంటుందండీ, ఎటు చూసినా ఒకటే నీళ్ళు. ఇదీ చర్చిదిబ్బ అంటే ఇదే. అదీ అంటే అదే."

"అంటే?"

"మా చర్చి సిలువా, వెనకున్న నీళ్ళ టాంకూ ఒక వరసలోకి వచ్చినచోట ఉంటుందండి చర్చిదిబ్బ. మా నాన్న నాకు అలా చూపించేడు, నేను సువార్తమ్మకి చూపించేను. మీకు మాత్రం సిలువా, ఐసు ఫ్యాక్టరీ గొట్టమూ వరస కలిపి చూపించేను."

"అయితే నేను చూసిందేంటి?"

"దానికి రెండు ఫర్లాంగులు పడమటికి. ఎండుదిబ్బ అంటాం. పూర్వం సున్నంబట్టీల వాళ్ళు గుల్లంతా తవ్వుకుపోగా మిగిలిన చిప్పలు."

"బాబాయ్‌గారూ."

"ఆయ్."

"చర్చిదిబ్బ బతికే ఉందా?"

"నీళ్ళు తీస్తే పాదం మోపడానికి చోటుండదండి. గుల్ల మీద గుల్ల, దాని మీద ఇంకో గుల్ల. మన అడుగు చప్పుడు కాగానే అన్నీ నోళ్ళు మూసుకుంటాయి, చిటచిటమని వినపడుద్ది. సందుల్లో రొయ్యపిల్లలు, పీతలు. మీ జాబితాలో ఎక్కిన రెండు దిబ్బలూ కలిపినా దాని ముందు ఎందుకూ చాలవు."

"ఎంత పని చేశారండీ. నెల్లాళ్ళు మీ ఇంట్లో అన్నం తిన్నాను. సొంత బాబాయిలా నమ్మాను. చోటు లెక్క చూపే నా జీపీఎస్ మిషనులో బాటరీ అయిపోతే, పోన్లే, పెద్దాయన చెప్పారు కదా అని మళ్ళీ సరిచూసుకోకుండా రాసేశాను. ఎందుకిలా చేశారు?"

"కాపాడుకుందామనండి."

"నేను వచ్చిందీ కాపాడడానికే కదా."

"ఆయ్. మీకు ముందు కొల్లేరుకి వచ్చినవాళ్ళూ అదే మాట అన్నారండి. అప్పుడు మాది కొల్లేరు లంక కదా. సంఘం చేపల చెరువు, అందులో నాకూ వాటా. సర్వే వాళ్ళొచ్చి, ఏవండీ ఎలీయాజరుగారూ, సరస్సు ఎంతవరకో గుర్తు పెట్టాలి, చైను పట్టుకుంటారా అన్నారు. పట్టుకున్నాను. పడవ నాది, చైను నా చేతిలోది. గట్టు ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, అన్నీ నేనే చూపించేను. రాళ్ళు పాతుతుంటే మట్టి కూడా తొక్కేను. మధ్యాహ్నం చేపల పులుసు పోసేను."

"తర్వాత?"

"సరస్సు లోపల చెరువులు ఉండకూడదంటూ ఏడాది తిరక్కుండా మిషన్లొచ్చాయి. ఏ రాయి దగ్గర్నుంచి కొట్టాలో వాళ్ళు వెతుక్కోనక్కర్లేకపోయింది. నేనే పాతించేను కదా. మా చెరువు గట్టు నా కళ్ళ ముందే తెగింది. మావాళ్ళు నన్నేమీ అనలేదండి. అనుంటే బాగుణ్ణు. ఇల్లు విప్పుకుని మొగకి, సువార్తమ్మ దగ్గరికి వచ్చేశాను. అప్పుడే అనుకున్నాను, ఇంక ఈ జన్మలో ఏ ఆఫీసరుకీ ఏదీ చూపించకూడదని. కాయితం మీదికి ఎక్కిందల్లా పోతుంది అనుకున్నాను."

"ఇక్కడ తిరగబడింది. కాయితం మీదికి ఎక్కనిది పోతోంది."

"మరేనండి. ఆ గీత చూసేదాకా నాకు తెలీలేదు. చర్చిదిబ్బ నడినెత్తి మీదుగా ఎర్రగీత. అటునుంచి ఇటు, తిన్నగా."

"గీత ఎక్కడ చూశారు? తవ్వకం పటం మా ఆఫీసుకే ఇంకా రాలేదు."

"చూసేనండి."

"ఎవరు చూపించారు?"

"ఒకాయన."

"ఏ ఒకాయన?"

"మంచినీళ్ళున్నాయాండీ?"

"ఇదిగో బాటిలు. తాగండి. ఏ ఒకాయన బాబాయ్‌గారూ?"

"మీ పెద్దాఫీసరుకి ఫోన్ చెయ్యండమ్మా. ముందు అది చెయ్యండి. టైమైపోతోంది."

"చేస్తున్నాను. ఉండండి. హలో, సార్, నేను ప్రసన్నకుమారిని. గుండుగొలను దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం సార్. సార్, ఒక పొరపాటు జరిగింది. చర్చిదిబ్బ… కాదు సార్, చచ్చిపోలేదు. బతికే ఉంది. … చూశాను సార్. అంటే, చూడలేదు. … వేరేచోట చూశాను సార్. … మిషను పని చెయ్యలేదు, ఆయన చెప్పిన చోటే రాసుకున్నాను. … అవును సార్. నాదే తప్పు. … మా పెద్దాయన పక్కనే ఉన్నారు సార్, ఫోన్ ఇమ్మంటారా? … మనిషే రావాలా? … ఒంటిగంటలోగా. సరే సార్. … తెలుసు సార్, నా ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదాం."

"ఏమన్నారండీ?"

"సంతకం పెట్టిన మనిషి స్వయంగా వచ్చి అందరి ముందూ నేను అబద్ధం చెప్పాను అనాలంట. అలా అంటేనే ఇంకోసారి చూడడానికి టైమిస్తారు. మనిషి రాకపోతే ఉన్న జాబితాయే ఖాయం."

"అంటానండి. ప్రతి ఆదివారం చర్చిలో పాపులం, పాపులం అంటూనే ఉన్నాం కదా. ఏలూరులో ఇంకోసారి అంటే ఏం పోయింది?"

"అంత తేలిక కాదు. ఇంకో సంగతుంది."

"చెప్పండి."

"ఎక్కించాక అయిదేళ్ళు ఎవరూ ఆ దిబ్బ మీదికి దిగకూడదు. గుల్ల ఏరకూడదు, చేప పట్టకూడదు."

"ఎవరూ అంటే సున్నంబట్టీల వాళ్ళా?"

"ఎవరూ అంటే ఎవరూనండి."

"సువార్తమ్మ?"

"సువార్తమ్మ కూడా."

"అది దానికి పొలంలాంటిదండి. మొగుడు పోయాక ఆ దిబ్బే దాన్నీ పిల్లల్నీ సాకింది. మా పేటలో ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళు పాటు చూసుకుని బుట్టలతో వెళ్తారు. పిల్ల గుల్ల ముట్టుకోరు. పెద్దదే కొట్టుకుంటారు. ముసలమ్మలు చెప్పి పెట్టేరు, వీళ్ళు వింటారు. అందుకేనండి అది ఇంకా బతికుంది."

"నాకు అర్థమైంది. ఆఫీసుకి అర్థం కాదు. వాళ్ళ కాయితంలో అలాంటిది రాయడానికి గడి లేదు."

"ఇంకో దిబ్బకి వెళ్ళమందామా అంటే, బతికున్న ఆ రెండూ మీరు తీసేసుకున్నారు."

"తీసేసుకున్నాం."

"ఎక్కిస్తే మావాళ్ళు దిగకూడదు. ఎక్కించకపోతే మిషను దిగుతుంది. అంతేనాండీ?"

"అంతే బాబాయ్‌గారూ. ఇంకో దారి ఉంటే మీకు చెప్పకపోదునా? నాకూ ఏడుపొస్తోంది."

"మీరు ఏడవకండమ్మా. మీరేం చేశారు? అబద్ధమాడింది నేను."

"నిజమేదో చూసుకోవాల్సింది నేను. నిర్ణయం మీరే చెప్పండి. ఏలూరు వెళ్దామా?"

"వెళ్దాం. అయిదేళ్ళు ఆకలేస్తుంది. దిబ్బ పోతే ఎప్పటికీ ఆకలే. సువార్తమ్మకి నేను చెప్పుకుంటాను. అదుగో, మీ డ్రైవరు వస్తున్నాడు. దారి వచ్చిందేమో అడగండి."

"సూర్యనారాయణగారూ, క్రేను వచ్చిందా?"

"క్రేను రాదంటండి, అది ఇంకెక్కడో పనిలో ఉందంట. కానీ మేడంగారూ, అసలు సంగతి తెలిసింది. ఆ ట్రెయిలరు మీదున్నది నీళ్ళ అడుగున మట్టి తవ్వే డ్రెడ్జరంటండి. ఉప్పుటేరు మొగకే వెళ్తోంది. మీరు పని చేసే చోటుకే."

"డ్రెడ్జరా? జాబితా మీద సంతకాలే కాలేదు కదా."

"అవన్నీ నాకు తెలీదండి. దారి తెలిసిన ముసలాయనొకడు పొద్దున్న ఎనిమిదింటికి గుండుగొలను సెంటర్లో ట్రెయిలరు ఎక్కుతానని మాటిచ్చాడంట. రాలేదు. చూసి చూసి విసుగొచ్చి వీళ్ళే తిప్పేసుకున్నారు. కొంప మునిగింది. ఏ దారి బరువు కాస్తుందో, మొగలో తవ్వే చోట గుర్తు గెడలు ఎక్కడ పాతాలో, అన్నీ ఆయనకే తెలుసంట. మేస్త్రీ అయితే తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతున్నాడు. ముందు కొయ్య దుంగలు ఎక్కడ వెయ్యాలో ఆయనొచ్చి చెప్తే అరగంటలో దారి ఇస్తారంట. ఆయన లేకపోతే సాయంత్రం దాకా మనకి ఇదే కాపురం."

"ఆయన పేరేంటంట?"

"ఏదో చర్చి పేరేనండి. ఎలీషా అన్నాడో… కాదు, ఎలీయాజరు. ఎలీయాజరు అంట. ఒక్కో బండి దగ్గరికీ వచ్చి అడుగుతున్నారు. మన దగ్గరికీ వస్తారు."

"బాబాయ్‌గారూ."

"ఆయ్."

"ఆ తువ్వాలు తియ్యండి."

"తీస్తున్నానండి. మట్టి తీస్తాం, మొగ బాగుపడుద్ది, కొల్లేరు మునగదు అన్నారు. మంచిదే కదాని ఒప్పుకున్నాను. నిన్న ఆ మేస్త్రీయే పటం విప్పి, ఎర్రగీత మీద వేలు పెట్టి, ఇక్కడే తాతా అన్నాడు. రానని చెప్పలేకపోయాను. మీ ఇంటికి పారిపోయొచ్చేను."

"అమ్మో, పెద్దయ్యగారూ, మీరేనాండీ? ఇంతమందిని ఎండబెట్టింది మీరా?"

"నేనే బాబూ. తలుపు తియ్యి."

"తియ్యకండి సూర్యనారాయణగారూ. బాబాయ్‌గారూ, వెళ్తే వాళ్ళు మిమ్మల్ని వదలరు, తిన్నగా మొగకి తీసుకుపోతారు. మీరు లేకుండా నేను ఏలూరు వెళ్ళి ఏం చెప్పను?"

"వెళ్ళకపోతే మీరూ ఇక్కడే, నేనూ ఇక్కడే. ఒంటిగంట ఆగదు కదమ్మా."

"మీరు రాకపోతే చర్చిదిబ్బ పోయినట్టే."

"పోదండి."

"ఎలా పోదు? గెడలు పాతగానే తవ్వడం మొదలెడతారు."

"గెడలు పాతేది నేనే కదండీ."

"వాళ్ళ దగ్గర పటం ఉంది. మిషన్లుంటాయి."

"మీ దగ్గరా ఉన్నాయి కదమ్మా. అంత నమ్మకం ఉంటే ఈ ముసలాడి కోసం రోడ్డు మూసుకుని కూర్చుంటారాండీ?"

"మరి నా రిపోర్టు? చూసి చూసి తప్పు కాయితం ఇవ్వనా?"

"తప్పు కాదండి. ప్రాణం లేని చోటనే రాసేరు. ప్రాణం లేని చోటే తవ్వుతారు. ఆ బురదలో నీళ్ళు ఇటు పోయినా ఒకటే, రెండు ఫర్లాంగులు అటు పోయినా ఒకటే."

"తెలిస్తే మిమ్మల్ని జైల్లో పెడతారు. నన్ను ఇంటికి పంపేస్తారు."

"అందుకేనమ్మా మిమ్మల్ని అడుగుతున్నాను. వెళ్ళొద్దంటే వెళ్ళను. ఇద్దరం ఏలూరు వెళ్ళి నిజమే చెప్దాం. అయిదేళ్ళు సువార్తమ్మ ఏం తింటుందో తర్వాత చూసుకుందాం. చెప్పండి."

"నన్ను అడక్కండి బాబాయ్‌గారూ."

"అడక్కపోతే ఎలాగండీ?"

"సూర్యనారాయణగారూ."

"మేడంగారూ."

"తలుపు తియ్యండి."

"తీసేనండి. నేనేమీ వినలేదండోయ్, నాకు ఎడం చెవి సరిగా పని చెయ్యదు. పెద్దయ్యగారూ, కాస్త గబగబా నడవండి. సాయంత్రానికల్లా మొగకి చేరిపోవాలని మేస్త్రీ ఒకటే కంగారు. నీళ్ళు వెనక్కి తీసినప్పుడే చోటు చూసుకుని గెడలు పాతించేస్తాడంట."

"కంగారు పడొద్దని నేను చెప్తాలే బాబూ. వాళ్ళని కూడా పోటు మీదే తీసుకెళ్తాను."